లెక్కల మాస్టారి పై పెదవి

పిల్లల్లో ఎవరికి ఏ లోటున్నా అందరితో పాటు ఒకే తరగతిలో కూర్చోబెట్టి చదివించాలని ఆ బడి యాజమాన్యం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని నీలం బోర్డు మీద తెల్లటి అక్షరాలతో రాయించారు. అంత పెద్ద బోర్డుకు అనువైన చోటు దొరక్క, చివరికి చక్రాల కుర్చీ ఎక్కడానికి కట్టిన వాలుబాట మీద నిలబెట్టారు. చక్రాల కుర్చీలో వచ్చే నాలుగో తరగతి పిల్లవాణ్ని ఇద్దరు మోసుకెళ్లి మెట్ల మీద దించుతున్నారు. చదువరులు ఇందులో తప్పు వెతకకూడదు. బోర్డు లేకపోతే బడిలో ఇంత దయ ఉందని దారిన పోయేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఆ బడిలోనే ఏడో తరగతి చదువుతున్న చిట్టికి చెవులు వినిపించవు. మూడేళ్లప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ వినికిడిని వెంట పట్టుకుపోయింది. చెవి మిషన్ పెట్టుకుంటే లారీ హారను, వంటింట్లో గిన్నె పడిన చప్పుడు లాంటివి కాస్త తెలుస్తాయి. మాటల్ని మాత్రం ఆ పిల్ల కళ్లతోనే వింటుంది. పెదవులు కదిలే తీరును బట్టి ఎదుటివాళ్లు ఏమంటున్నారో ఇట్టే చెప్పేస్తుంది. సైన్సు టీచరమ్మ పెదవులకు రంగు వేసుకుని ఒక్కో ముక్కా విడమరిచి చెబుతుంది కాబట్టి సైన్సులో చిట్టి తరగతికి రెండోది. తెలుగు మాస్టారికి పళ్లు ఎత్తు. ఆ పళ్ల పుణ్యమా అని పద్యాలు కూడా వచ్చాయి. లెక్కల్లో మాత్రం సున్నాకీ రెండుకీ మధ్య ఊగుతోంది.

ఒక సాయంత్రం సంచీ దించకుండానే తండ్రి దగ్గరికొచ్చి, "నాన్నా, లెక్కల సార్‌కి నోరు లేదు" అంది.

చిట్టి తండ్రిది సెలూను. వీధి మొదట్లో ఒంటి గది దుకాణం. ముందు సగంలో ఆయన కుర్చీ, అద్దం. వెనక సగంలో భార్య ఇస్త్రీ బల్ల. వీధిలో అందరూ ఆయన్ని సెలూనాయన అంటారు. కూతురి మాటకు ఆయన పగలబడి నవ్వాడు. నవ్వడానికి కారణముంది. ఆ మాస్టారికి నోరు లేకుండా చేసింది ఆయనే.

లెక్కల మాస్టారిని మీసాల మాస్టారంటేనే ఎవరైనా గుర్తుపడతారు. ఆ మీసం ముక్కు కింద బయల్దేరి, పై పెదవిని పూర్తిగానూ కింది పెదవిని ముప్పాతికా కప్పేసి, చెంపల దాకా పోయి అక్కడ తల ఎత్తుతుంది. ఆయన మాట్లాడినా, నవ్వినా, దగ్గినా అది ఒకే తీరుగా కదులుతుంది. దాన్ని ఏళ్ల తరబడి ఆదివారం ఆదివారం నూనె రాసి, దువ్వి, కొసలు తీర్చి అంతటిదాన్ని చేసినవాడు సెలూనాయన. అద్దం పక్కన దాని ఫోటో కూడా ఉంది. మాస్టారి ఫోటో అనడానికి లేదు. మీసం మొత్తం పట్టించేసరికి కళ్లకు చోటు చాల్లేదు. కొత్తగా నూనూగు మొలిచిన కుర్రాళ్లు వచ్చి ఆ ఫోటో చూపించి అలా రావాలంటారు. సెలూనాయన ఛాతీ ఉప్పొంగుతుంది.

వెనక నుంచి భార్య అంది: "పెంచింది నువ్వేగా. నువ్వే కొయ్యి."

"ఏమే, మీసమంటే ఏమనుకున్నావ్? మొగాడి పరువది."

"పరువుని ముక్కు కింద పెట్టుకుంటే జలుబు చేసినప్పుడు దాని గతేంటి?" అని ఆవిడ ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద గట్టిగా నొక్కింది.

ఆ పూటకు నవ్వుకున్నారు గానీ విషయం నవ్వుతాలు కాదు. ఏడో తరగతి చివరి పరీక్షలో లెక్కలు తప్పితే చిట్టిని పూల విభాగానికి పంపిస్తారు. పూల విభాగమంటే సైకిల్ స్టాండుకీ విరిగిన బెంచీల కొట్టుకీ మధ్య ఉన్న గది. అక్కడి పిల్లలకు రంగు కాగితాలూ జిగురూ ఇస్తారు. వాళ్లు చేసే పూల దండలు బడికొచ్చే ముఖ్య అతిథుల మెడల్లో పడతాయి. అక్కడ చేరిన పిల్లల్లో ఇంతవరకూ ఒక్కరూ పరీక్ష తప్పలేదని హెడ్మాస్టారు గర్వంగా చెబుతుంటారు. అక్కడ పరీక్షలు పెట్టరు, పై తరగతి కూడా లేదు. చిట్టికేమో సైన్సు పిచ్చి. కప్ప గుండెలో ఎన్ని గదులుంటాయో అడక్కుండానే చెబుతుంది. పూల గది పేరెత్తితే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

భార్య పోరు పడలేక సెలూనాయన ఉతికిన చొక్కా వేసుకుని హెడ్మాస్టారి గదికి వెళ్లాడు. హెడ్మాస్టారు ఆయన్ని కూర్చోమనకుండా తనే లేచి నిలబడ్డారు. ఉపన్యాసం కూర్చుని చెప్పే అలవాటు ఆయనకు లేదు.

"మీ అమ్మాయి అనొద్దు. మా అమ్మాయి అనండి! ఆ ఒక్క బాలిక కోసం ఈ బడి కొండల్ని పిండి చేస్తుంది! సముద్రాల్ని ఈదుతుంది! అడగండి, ఏం కావాలో నోరారా అడగండి!"

"కొండలూ అవీ వద్దు సార్. లెక్కల సార్ మీసం పెదాల మీద నుంచి రవ్వంత..." అని సెలూనాయన రెండు వేళ్లతో చూపించాడు.

హెడ్మాస్టారు కూర్చున్నారు. "అది కాక ఇంకేదైనా అడగండి" అన్నారు.

అయినా ఆ బడి పిల్లల సమస్యను పెడచెవిన పెట్టే రకం కాదు. ఆ వారంలోనే సమగ్ర సహాయ సంఘం ఏర్పడింది. సంఘం మొదటి సమావేశంలో చిట్టిని చెవిటిపిల్ల అనరాదని, శ్రవణ విశిష్ట బాలిక అనాలని నిర్ణయించారు. రెండో సమావేశంలో చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెతను బడి ఆవరణలో నిషేధించి, దాని స్థానంలో శ్రవణ విశిష్టుల సమక్షంలో శంఖారావం అనే మాటను ప్రవేశపెట్టారు. మూడో సమావేశానికి మీసం చర్చకు వచ్చింది. చిట్టి బడిలో చేరడానికి ఎంతో ముందే మీసం చేరిందని, కాబట్టి సీనియారిటీ మీసానిదేనని డ్రిల్లు మాస్టారు వాదించారు. ఇవాళ మీసమంటారు, రేపు బట్టతల కూడా పిల్లలకు అడ్డమంటారని గుమాస్తా భయపడ్డాడు. ఆయనకు బట్టతల. సైన్సు టీచరమ్మ మాత్రం, "కత్తెరతో అరనిమిషం పని కదండీ" అంది. ఆమె మాటల్లో సున్నితత్వం కొరవడిందని సంఘం విచారం వెలిబుచ్చింది.

మీసం జోలికి పోకుండా మిగతా సహాయమంతా చెయ్యడానికి అందరూ ఒప్పుకున్నారు. చిట్టిని మొదటి బెంచీకి మార్చారు. ఇప్పుడు మీసం మునుపటి కన్నా దగ్గరగా, వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. చెవులు వినిపించని పిల్లకు గట్టిగా చెబితే సరిపోతుందని ఎవరో అనడంతో లెక్కల మాస్టారికి మైకు ఇచ్చారు. మైకు పట్టుకోవడంతో మీసం కప్పగా మిగిలిన ఆ కాస్త కింది పెదవి కూడా కనుమరుగైంది. పక్క వీధి వాళ్లకు భిన్నాలు బాగా వచ్చేశాయి. ఆ పైన ఒక రోజంతా బడిలో అందరూ చెవుల్లో దూది పెట్టుకుని చిట్టి బాధను పంచుకున్నారు. ఆ రోజు ఎవరూ పాఠం చెప్పలేదు, ఎవరూ వినలేదు. ఇలాంటివి తరచూ జరగాలని పిల్లలు ముక్తకంఠంతో కోరారు. చివరగా లెక్కల మాస్టారిని ఒక పూట శిక్షణకు పంపితే, శ్రవణ విశిష్ట మిత్ర అన్న బిరుదుతో తిరిగొచ్చారు. ఈ కృషిని గుర్తించి పైవాళ్లు బడికి ఆదర్శ ఫలకం ప్రకటించారు. చిట్టికి మూడు నెలల పరీక్షలో లెక్కల్లో ఒక మార్కు వచ్చింది. అది పేరు సరిగ్గా రాసినందుకు.

ఫలకం ప్రకటించిన వారం, ఆదివారం ఉదయం మీసాల మాస్టారు ఎప్పటిలాగే వచ్చి కుర్చీలో వాలారు. వెనక ఇస్త్రీ బల్ల ఖాళీగా ఉంది. భార్య బట్టలిచ్చి రావడానికి వెళ్లింది. మాస్టారు చెడ్డ మనిషి కాదు. పిల్లల్ని కొట్టరు, సెలవులు పెట్టరు, ఎదురుపడితే సెలూనాయన్ని ముందుగా పలకరిస్తారు. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుని హాయిగా అన్నారు:

"మీ అమ్మాయి గురించి బెంగ పెట్టుకోకయ్యా. పూల విభాగానికి నేనే చెప్పి ఉంచాను. ఆ పిల్లకి లెక్కలెందుకు చెప్పు? నీడపట్టున కూర్చుని కాగితాలు కత్తిరించుకుంటుంది. కత్తిరించడం మీ ఇంట్లో ఉన్న విద్యేగా."

ఇదే మాట ఆయన ఇంతకు ముందు కూడా ఆ కుర్చీలోనే రెండు మూడుసార్లు అన్నారు. అన్నప్పుడల్లా సెలూనాయన, "తమ దయ సార్" అన్నాడు. ఈసారి కత్తెర కదిలింది.

జారిందని సెలూనాయన చెబుతాడు. ఆయన చేతిలో కత్తెర అంతకు ముందు ఎప్పుడూ జారలేదని వీధంతా చెబుతుంది. ఏదేమైనా ఎడమ పక్క మీసం ఒళ్లో పడింది. ఒక పక్క పోయిన మీసం కన్నా ఘోరం మరొకటి లేదు కాబట్టి కుడి పక్కను సమం చెయ్యక తప్పలేదు. సమం చేస్తే కుడి పక్క మరీ పొట్టిదైంది. ఎడమను దానికి సరిచేశాడు. పిల్లులకు కోతి రొట్టె పంచినట్టు అటూ ఇటూ సాగి, చివరికి పంచడానికేమీ మిగల్లేదు. మాస్టారు కళ్లు తెరిచి అద్దంలో చూసుకుని, "ఎవరండీ మీరు?" అన్నారు.

ఆయన తిడతారని, చెయ్యి చేసుకుంటారని సెలూనాయన ఎదురుచూశాడు. ఆయన తువ్వాలు మూతికి చుట్టుకుని వెళ్లిపోయారు. సెలూనాయన చీపురు పట్టుకుని కూడా చాలాసేపు ఊడవలేకపోయాడు. తన చేత్తో పెంచినది. ఏడుపొచ్చింది. అంతలో, రేపు చిట్టికి సార్ నోరు కనిపిస్తుందన్న సంగతి గుర్తొచ్చి ఆ ఏడుపులోనే నవ్వాడు.

సోమవారం బడిలో జరిగినదాన్ని మెచ్చుకోకుండా ఉండలేం. అవసరంలో ఉన్న మనిషిని ఎలా ఆదుకోవాలో ఆ బడికి ఎంత బాగా తెలుసో ఆ రోజు బయటపడింది. సంఘం లేదు, సమావేశం లేదు, సీనియారిటీ లేదు. ప్రార్థన గంట కొట్టేలోపే ఏర్పాట్లన్నీ పూర్తయ్యాయి. లెక్కల మాస్టారు ఎండలో నిలబడనక్కర్లేదని నీడలో కుర్చీ వేశారు. హెడ్మాస్టారు గద్గద స్వరంతో, "మన మాస్టారు ఒక క్లిష్ట దశలో ఉన్నారు. ఆయన ముఖం వైపు తేరిపార చూడకండి. నవ్వకండి. జాలి కూడా చూపకండి. మనలో ఒకడిగా చూడండి!" అన్నారు. గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు. మైకు పట్టుకుంటే చెయ్యి మూతికి తగిలి బాధ గుర్తొస్తుందని మైకు కూడా తీసేశారు.

ఆ సాయంత్రం సెలూనాయన గిరాకీని సగం గడ్డంతో కుర్చీలో వదిలేసి గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. చిట్టి వచ్చింది. వచ్చి ఇస్త్రీ బల్ల పక్కన కూర్చుంది.

తండ్రి ఆమెకు ఎదురుగా వంగి, నోరు బాగా తెరిచి అడిగాడు: "సార్ పెదాలు కనపడ్డాయా?"

"కనపడ్డాయి. భిన్నాలు చెప్పారు. కింద అంకెలు వేరు వేరుగా ఉంటే ముందు వాటిని ఒకటి చెయ్యాలంట. అప్పుడు పైవి కూడాలి. అంతే నాన్నా. చాలా తేలిక. ఆరు లెక్కలు చేసేశా."

సెలూనాయన గాల్లోకి ఎగిరినంత పనిచేశాడు. "చూశావా! నా బంగారు తల్లి! ఇంకేం చెప్పారు?"

"అందరికీ అర్థమైందా అన్నారు. అందరూ తలూపారు. 'ఆ చెవిటి మొద్దుకి ఎలాగూ కాదు, పూలు కత్తిరించుకుంటుందిలే, పేజీ తిప్పండి' అన్నారు. అందరూ నవ్వారు."

భార్య చేతిలోని ఇస్త్రీ పెట్టె గాల్లోనే ఆగింది.

"ఆ చోటికి రాగానే రోజూ నవ్వుతారు నాన్నా" అంది చిట్టి. "మీసం ఒకసారి గట్టిగా ఊగుతుంది, అందరూ నవ్వుతారు. సార్ ఏదో జోకు వేశారనుకునేదాన్ని. నేనూ నవ్వేదాన్ని."

సెలూనాయన కూడా విన్నవాడే. విని, తమ దయ అన్నవాడే. కూతురి ముఖంలోకి చూడలేక కుర్చీలోని సగం గడ్డం వైపు చూశాడు. ఆ గిరాకీ తల వంచుకున్నాడు.

"మరి ఇవాళ?" అని తల్లి పెదవులు కదిపింది.

"నవ్వలేదు. లేచి నిలబడి, నాకు అర్థమైంది సార్ అన్నా."

చిట్టి గొంతు పెద్దది. ఎంత పెద్దదో ఆమెకు తెలియదు. ఆ మాట పక్క తరగతులకూ, వసారా దాటి హెడ్మాస్టారి గదికీ వినిపించింది.

సంఘం అత్యవసరంగా కూడింది. ఇన్నాళ్లూ బాలికకు అర్థం కాకపోవడమే సమస్య అనుకుని పొరపడ్డామని, అర్థం కావడం అంతకన్నా పెద్ద సమస్య అని తేల్చింది. గురువుగారు తరగతిని ఉద్దేశించి అన్న మాటల్ని, ఆ మాటలు ఎవరి గురించో వాళ్లే చూసెయ్యడం మర్యాద కాదని అభిప్రాయపడింది. మీసం తిరిగి పెరిగేదాకా లెక్కల మాస్టారు మూతికి గుడ్డ మాస్కు కట్టుకోవచ్చని అనుమతిచ్చింది. ఈ అలజడితో బాలిక మనసు అలిసిపోయి ఉంటుందని గ్రహించి, చివరి పరీక్ష దాకా ఆగకుండా మర్నాటి నుంచే ఆమెను పూల విభాగంలో చేర్చింది.

మర్నాడు ఈ కబురు అందగానే మొగుడూ పెళ్లాలిద్దరూ దుకాణం మూసి బడికి పరుగెత్తారు. ఆ రోజే ఆదర్శ ఫలకాన్ని చూపించడానికి తల్లిదండ్రులందర్నీ పిలిచారు. హాలు నిండుగా ఉంది. చిట్టి తల్లి ముందుకెళ్లి, "మా పిల్లని ఆ గదిలో ఉంచం" అంది. హెడ్మాస్టారు ఎంతో సౌమ్యంగా, "తప్పకుండానమ్మా. టీసీ ఇప్పుడే ఇచ్చేస్తాం" అన్నారు. చుట్టుపక్కల మరో బడి లేదు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

సెలూనాయన వెనక్కి తిరిగి, హాల్లో ఉన్న తల్లులకూ తండ్రులకూ చేతులు జోడించాడు. వాళ్లలో సగం మంది ఆయన దగ్గర తల వంచేవాళ్లే.

"ఇన్ని నెలలూ మీ పిల్లల ముందే ఆ మాట అన్నారండీ. ఒక్కరూ ఇంటికొచ్చి చెప్పలేదా?"

"మావాడు మొదట్లోనే చెప్పాడండీ" అంది ఒక తల్లి, నిజాయితీగా. "మనకెందుకురా, నీ లెక్కలు నువ్వు చూసుకో అన్నాను."

"మా అమ్మాయి అచ్చం సార్‌లాగా అని చూపించేది" అన్నాడు మరో తండ్రి. "భోజనాల దగ్గర తెగ నవ్వుకునేవాళ్లం. చిన్నపిల్ల కదా, ఏదో సరదాకి."

"అయితే మీ పిల్లలకి చెవులున్నట్టా, లేనట్టా?" అని అరిచాడు సెలూనాయన.

హెడ్మాస్టారు ఆ ప్రశ్నను శ్రద్ధగా రాసుకున్నారు. తల్లిదండ్రులు లేవనెత్తిన ఏ సందేహాన్నీ ఆ బడి నానబెట్టదు. వారం తిరక్కుండానే పెద్ద వైద్యుల్ని పిలిపించి, పూల విభాగం వారి దండలతో సత్కరించి, ఏడో తరగతి పిల్లలకూ వాళ్లను కన్నవాళ్లకూ ఉచితంగా వినికిడి పరీక్షలు చేయించారు. ఫలితాలను నోటీసు బోర్డులో పెట్టారు. అందరి చెవులూ నిక్షేపంగా ఉన్నాయి.